‘హై హజార్డ్’ అంటే కట్ట తెగుతుందని కాదు.. మరి ఏంటి?

అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్ వైపు ఇల్లు చూడ్డానికి వెళ్లిన మనవాళ్లు మొదట అడిగేది స్కూల్ రేటింగ్. తర్వాత మస్జిద్ ఎంత దూరం, హలాల్ షాపు ఎక్కడ. సబ్‌డివిజన్‌లో సరస్సు ఉందంటే ఏజెంట్ మొహం వెలిగిపోతుంది, ధర కూడా అలాగే పైకి పోతుంది. ఆ సరస్సుకు ఓ కట్ట ఉంటుందని, ఆ కట్టకు కూడా ప్రభుత్వ రికార్డుల్లో ఓ రేటింగ్ ఉండొచ్చని మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. కట్టకు దిగువన కొనేవాళ్లకైతే సరస్సే కనిపించదు. వాళ్లకు కనిపించేది చెట్ల మధ్య గడ్డి మొలిచిన ఓ మట్టి గట్టు, అంతే.

జార్జియా ఉత్తర భాగంలో సహజంగా ఏర్పడ్డ సరస్సులు దాదాపు లేవు. కాలనీల మధ్య మనం చూసే ప్రతి సరస్సూ వాగుకు అడ్డంగా ఎవరో ఎప్పుడో మట్టికట్ట పోసి నిలబెట్టిన నీరే. పోసినవాళ్లు రైతులు కావచ్చు, ప్లాట్లు అమ్ముకోవడానికి బిల్డర్లు కావచ్చు, క్యాంపు నడిపే సంస్థలు కావచ్చు. అమెరికా మొత్తం మీద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నిర్వహించే జాతీయ డ్యాముల జాబితాలో 90 వేలకు పైగా కట్టలున్నాయి. వాటిలో సగానికి పైగా ప్రైవేటు ఆస్తులు. ఏ పని కోసం కట్టారని లెక్క తీస్తే మొదటి స్థానం కరెంటుకు కాదు, సాగునీటికి కాదు. వినోదానికి! బోటు షికారు, చేపలు పట్టడం, ఈత, ఇంటి కిటికీలోంచి కనిపించే నీళ్లు. నాగార్జునసాగర్, శ్రీశైలం చూసి పెరిగిన మనకు ‘డ్యామ్’ అంటే సర్కారు వ్యవహారం. ఇక్కడ పక్కింటాయన ట్రెజరర్‌గా ఉన్న హోమ్ ఓనర్స్ అసోసియేషనే డ్యామ్ యజమాని కావచ్చు.

ఇక రేటింగ్ సంగతి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎందుకంటే ఉన్నది ఒక రేటింగ్ కాదు, రెండు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మొదటిది ‘హజార్డ్ పొటెన్షియల్’. హై, సిగ్నిఫికెంట్, లో అని మూడు మెట్లు. కట్ట గట్టిగా ఉందా లేదా అన్నది దీనికి అనవసరం. ఒకవేళ తెగితే దిగువన ఏం పోతుంది, అదొక్కటే చూస్తారు. ప్రాణాలు పోయే అవకాశం ఉంటే హై. ప్రాణనష్టం ఉండకపోవచ్చు గానీ రోడ్లు, ఆస్తులు, కరెంటు, తాగునీరు లాంటివి దెబ్బతింటాయంటే సిగ్నిఫికెంట్. నష్టం దాదాపుగా యజమాని స్థలానికే పరిమితమైతే లో. కాబట్టి నిన్న కట్టిన, ఇనుములాంటి డ్యామ్ కూడా హై హజార్డ్ కావచ్చు. చీమల పుట్టలా గుల్లబారిన కట్ట దిగువన అడవి తప్ప ఏమీ లేకపోతే లో కావచ్చు.

రెండోది ‘కండిషన్’. కట్ట ఎలా ఉందన్నది ఇది చెబుతుంది. శాటిస్‌ఫాక్టరీ, ఫెయిర్, పూర్, అన్‌శాటిస్‌ఫాక్టరీ, ఇవి కాక ‘నాట్ రేటెడ్’. ఈ చివరిది చూసి ఊపిరి పీల్చుకోకూడదు. బాగుందని కాదు దాని అర్థం, రేటింగ్ ఇవ్వలేదని.

భయపడాల్సింది ఈ రెండూ కలిసినచోట. దిగువన మనుషులున్నారు, పైన కట్ట బాగాలేదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2019లో రాష్ట్రాల నుంచి రికార్డులు తెప్పించుకుని లెక్క కడితే, హై హజార్డ్ అయ్యుండీ పూర్ లేదా అన్‌శాటిస్‌ఫాక్టరీ స్థితిలో ఉన్నవి కనీసం 1,688 తేలాయి. 2022లో మళ్లీ లెక్కిస్తే 2,200 దాటాయి. అన్నీ కొత్తగా చెడిపోయాయని కాదు, తనిఖీలు, సమాచారం పెరగడం కూడా ఓ కారణం. చాలా ఏళ్లపాటు భద్రత పేరుతో కండిషన్ వివరాలను జనానికి చూపించలేదు. ఇప్పుడు జాతీయ జాబితా వెబ్‌సైట్‌లో చాలా డ్యాములకు ఎవరైనా చూసుకోవచ్చు. ఉచితమే. మ్యాపులో ఇంటి చిరునామా వెతికి, వాగు వెంట పైకి చూసుకుంటూ వెళ్తే పది నిమిషాల పని.

జార్జియా కథ మాత్రం వేరుగా చెప్పుకోవాలి. ఈ దేశంలో చిన్న కట్టల గురించి చట్టాలు కదలడానికి కారణమైన వాటిలో ఒక సంఘటన ఇక్కడే జరిగింది.

రాష్ట్రం ఈశాన్య మూలన టొకోవా అనే ఊరు ఉంది. అక్కడ 186 అడుగుల జలపాతం, దాని పాదాల దగ్గర ఓ బైబిల్ కాలేజీ. జలపాతానికి పైన, వాగు మీద కెల్లీ బార్న్స్ డ్యామ్. 1899 ప్రాంతంలో కర్ర, రాయి కలిపి కట్టిన చిన్న అడ్డుకట్టతో మొదలైంది. తర్వాత కాలేజీవాళ్లు సొంత కరెంటు కోసం దాని మీదే మట్టికట్ట పోశారు, మళ్లీ ఎత్తు పెంచారు. చివరికి దాదాపు 40 అడుగుల ఎత్తు, 40 ఎకరాల నీరు. 1957లో కరెంటు తీయడం ఆపేశారు. అప్పటి నుంచి అది ఉత్త వినోద సరస్సు. కరెంటు ఇచ్చినన్నాళ్లూ కట్ట మీద ఎవరో ఒకరి కన్ను ఉంటుంది. ఆదాయం ఆగిపోయాక ఆ కన్ను కూడా పోతుంది. కట్ట మీద చెట్లు పెరిగాయి. దిగువ వాలు మరీ నిటారుగా ఉండేది. 1973లోనే ఆ వాలులో కొంత మట్టి జారిపోయింది, దాని ఫొటో కూడా ఉంది.

1977 నవంబర్ మొదటి వారంలో వరసగా వానలు. 6వ తేదీ అర్ధరాత్రి దాటాక, ఒకటిన్నర ప్రాంతంలో కట్ట తెగింది. నీరు జలపాతం మీదుగా దూకి, నిద్రపోతున్న క్యాంపస్ మీద పడింది. వాగు పక్కన ట్రైలర్ ఇళ్లలో పెళ్లయిన విద్యార్థుల కుటుంబాలు ఉండేవి. మొత్తం 39 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. తర్వాత విచారణ జరిపిన ఇంజినీర్లకు కట్ట డిజైన్ కాగితాలే దొరకలేదు. ఒక్కటే కారణం అని వాళ్లు తేల్చలేకపోయారు. నిటారు వాలు జారడం, లోపల నీరు దారి చేసుకుని మట్టిని తినేయడం, ఇలా కొన్ని కలిసి ఉంటాయన్నారు.

ఇందులో మనం ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఆ కట్ట యజమాని లాభాపేక్ష ఉన్న కంపెనీ కాదు, ఓ ధార్మిక విద్యాసంస్థ. దిగువన పడుకున్నది పరాయివాళ్లు కూడా కాదు, వాళ్ల సొంత విద్యార్థులు, ఉద్యోగులు, పసిపిల్లలు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అయినా జరిగింది. ఈ దేశంలో మస్జిద్ కమిటీలు, ఇస్లామిక్ స్కూళ్లు ఊరి బయట ఎకరాలు కొంటున్నాయి. యూత్ క్యాంపు కోసం, ఖబ్రస్తాన్ కోసం, పెద్ద క్యాంపస్ కోసం. స్థలంలో ‘చెరువు కూడా ఉంది, పిల్లలకు బాగుంటుంది’ అని సంతోషపడతారు. సేల్ డీడ్ మీద సంతకం పెట్టిన రోజు నుంచి ఆ కట్ట మీ కమిటీది. అది తెగి కిందివాళ్లకు నష్టం జరిగితే కోర్టు నోటీసు కూడా మీ కమిటీకే. ఫండ్‌రైజింగ్ డిన్నర్‌లో పార్కింగ్ లాట్‌కు చందా అడిగితే ఇస్తారు. తూము మరమ్మతుకు అడిగితే ఎంతమంది చెయ్యెత్తుతారో ఒక్కసారి ఊహించుకోండి.

టొకోవా తర్వాత అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, ఆయనా జార్జియావారే, ప్రభుత్వేతర హై హజార్డ్ డ్యాములను తనిఖీ చేయమని ఆదేశించారు. నిజానికి అలాంటి తనిఖీ కోసం చట్టం 1972లోనే వచ్చింది, డబ్బు లేక మూలన పడి ఉంది. 1981కల్లా దాదాపు 9 వేల కట్టలు చూశారు. మూడింట ఒక వంతు సురక్షితం కాదని తేలింది. జార్జియా 1978లో సొంత సేఫ్ డ్యామ్స్ చట్టం చేసుకుంది. ఇప్పటికీ అదే. 25 అడుగుల ఎత్తు లేదా 100 ఎకర-అడుగుల నీరు (ఎకరం మేర అడుగు లోతు నిలిచే నీటిని ఎకర-అడుగు అంటారు, అది దాదాపు 12 లక్షల లీటర్లు) ఉంటే ఆ చట్టం కిందికి వస్తుంది. తెగితే ప్రాణాలు పోయే అవకాశం ఉన్నవి కేటగిరీ 1, మిగతావి కేటగిరీ 2. రాష్ట్రం పర్మిట్, తనిఖీ అంటూ వెంటపడేది కేటగిరీ 1 విషయంలోనే.

సరే, మరి కేటగిరీ 2 కట్ట కింద బిల్డర్ వచ్చి కొత్తగా ఇళ్లు కడితే?

కట్ట మారలేదు, నీరు మారలేదు. కింద మనుషులు వచ్చారు. అంతే, కేటగిరీ 1 అయిపోతుంది. అప్పుడు అలుగు వెడల్పు చేయాలి, కట్ట పెంచాలి, ఇంజినీర్‌ను పెట్టుకోవాలి. ఖర్చు ఎవరిది? ఇళ్లు కట్టి అమ్ముకుని వెళ్లిపోయిన బిల్డర్‌ది కాదు, పర్మిషన్ ఇచ్చిన కౌంటీది కాదు. కట్ట యజమానిది. ఇంజినీర్లు దీన్ని ‘హజార్డ్ క్రీప్’ అంటారు, ప్రమాదం మెల్లగా పాక్కుంటూ రావడం. అట్లాంటా శివార్లు విస్తరిస్తున్న వేగంలో ఇది రోజూ జరిగే పని. యజమాని కోపంలో న్యాయం ఉంది. కింద ఇల్లు కొన్నవాడి అమాయకత్వంలోనూ న్యాయం ఉంది. మధ్యలో లాభం తీసుకుని పోయినవాడిని మాత్రం ఏ రేటింగూ పట్టుకోదు. ఈ వ్యవస్థలో నాకు కనిపించే అసలు లోపం ఇదే.

రేటింగ్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. హవాయి రాష్ట్రం కవాయ్ దీవిలో కా లోకో అనే పాత కట్ట, ప్రైవేటు స్థలం. రాష్ట్ర రికార్డుల్లో దాని హజార్డ్ ‘లో’. 2006 మార్చి 14న తెల్లవారకముందే తెగి ఏడుగురిని తీసుకుపోయింది, వాళ్లలో ఓ గర్భిణి. అలుగును పూడ్చేశారన్న ఆరోపణ మీద ఏళ్ల తరబడి కేసు నడిచి, చివరికి స్థల యజమానికి 2014లో ఏడు నెలల జైలు పడింది. కాగితం మీద ‘లో’ అని రాసి ఉన్నచోట ఏడు ప్రాణాలు పోయాయి.

రెండోది మిషిగన్‌లోని ఈడెన్‌విల్. ఇది చిన్నదేమీ కాదు, 54 అడుగులు, పైగా కరెంటు కోసం కట్టింది. కానీ దాని వెనకున్న విక్సమ్ లేక్ చుట్టూ వందల ఇళ్లు, బోట్లు. యజమాని ప్రైవేటు కంపెనీ. పెద్ద వరద వస్తే నీరు వదిలే సామర్థ్యం దీనికి లేదని కేంద్ర సంస్థ ఏళ్ల తరబడి చెప్పి, విసిగి 2018లో కరెంటు లైసెన్సు రద్దు చేసింది. దాంతో బాధ్యత రాష్ట్రం చేతికి వచ్చింది. అదే ఏడాది జాతీయ జాబితాలో దీని స్థితి అన్‌శాటిస్‌ఫాక్టరీ. అదే ఏడాది అక్టోబర్‌లో రాష్ట్రం జరిపిన ప్రాథమిక తనిఖీలో కట్టడం ‘ఫెయిర్’. 2020 మే 19న తెగింది. సుమారు 10 వేల మందిని ముందే ఖాళీ చేయించడం వల్ల ప్రాణాలు పోలేదు, అల్‌హమ్దులిల్లాహ్. ఒకే కట్టకు ఒకే ఏడాదిలో రెండు మాటలు ఎలా వచ్చాయంటే, ఒకరు వరదను తట్టుకోగలదా అని చూస్తే ఇంకొకరు పైకి కనిపించే పగుళ్లు, ఊటలు చూశారు. తీరా తెగింది వీటి వల్ల కూడా కాదు. తడిసిన వదులు మట్టి ఉన్నట్టుండి బలం కోల్పోయి ద్రవంలా జారిపోవడం వల్ల అని నిపుణుల బృందం తర్వాత తేల్చింది.

అంటే రేటింగ్ దండగ అనడం లేదు. బ్లడ్ రిపోర్టులో షుగర్ నార్మల్ అని వస్తే గుండె కూడా బాగున్నట్టు కాదు కదా. ఏ పరీక్షకు ఏ జవాబో తెలిసి చదవాలి. ఎప్పుడు తనిఖీ చేశారో తేదీ కూడా చూడాలి. పన్నెండేళ్ల కిందటి ‘ఫెయిర్’ ఈరోజు దేనికీ పనికిరాదు.

డాలస్ వైపు ఉన్న మనవాళ్ల కోసం ఓ మాట. టెక్సాస్‌లో 2013 నుంచి శాశ్వత మినహాయింపు ఉంది. ప్రైవేటు కట్ట, 500 ఎకర-అడుగుల లోపు నీరు, హజార్డ్ లో లేదా సిగ్నిఫికెంట్, జనాభా మూడున్నర లక్షల లోపున్న కౌంటీ, ఊరి హద్దులకు బయట. ఇవన్నీ కలిస్తే రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ నిబంధనలు వర్తించవు. మిజోరీలో 35 అడుగుల లోపు కట్టల జోలికి రాష్ట్రం సాధారణంగా వెళ్లదు. అలబామాలో చాలా కాలంపాటు డ్యామ్ సేఫ్టీ కార్యక్రమమే లేదు. అంటే రాష్ట్రం సరిహద్దు దాటితే అదే కట్టకు అడిగేవాడు ఉండకపోవచ్చు.

డబ్బు మాట కూడా దాచుకోవడానికి లేదు. ఫెడరల్ ప్రభుత్వానివి కాని డ్యాములన్నిటినీ బాగుచేయడానికి 15 వేల కోట్ల డాలర్లకు పైగా కావాలని డ్యామ్ సేఫ్టీ అధికారుల సంఘం 2023లో అంచనా వేసింది. ఇందులో కాలనీ చెరువుకు వచ్చే సర్కారు సాయం చాలా తక్కువ. సౌత్ కరోలినాలో 2015 అక్టోబర్ వరదల్లో రాష్ట్ర నియంత్రణలో ఉన్నవే 50 దాకా కట్టలు తెగాయి. కొలంబియా నగరంలో గిల్స్ క్రీక్ వెంట ఒకదాని నీరు ఇంకోదాని మీద పడి వరసగా పోయాయి. వాటిలో చాలా వరకు ఇళ్లవాళ్ల సంఘాలవే. సరస్సు పోయి బురదగుంట మిగిలాక, మళ్లీ కట్టాలంటే ఇంటింటికీ స్పెషల్ అసెస్‌మెంట్. ఒడ్డున ఇల్లున్నవాళ్లు కట్టాలంటారు, రెండు వీధుల అవతల ఉన్నవాళ్లు మాకెందుకంటారు. ఆ గొడవలో దిగువన ఉన్నవాళ్లకు ఓటే లేదు, వాళ్లు వేరే సబ్‌డివిజన్!

హైదరాబాద్ పాతబస్తీలో బంధువులున్న కుటుంబాలకు ఇది పరాయి కథగా అనిపించదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు ఎగువన చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగడం ఆ వినాశనాన్ని పెంచింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చింది ఆ దెబ్బ తర్వాతే. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్టకు గండి పడి హఫీజ్ బాబానగర్ మునిగినప్పుడు, ఆ ఇళ్లవాళ్లలో ఎంతమందికి తాము ఓ చెరువు కట్ట కింద ఉన్నామని తెలుసు? మన దేశంలో 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటినవాటికి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. బస్తీల మధ్య చెరువు కట్టలు చాలా వరకు ఆ ఎత్తుకు రావు. అక్కడైనా ఇక్కడైనా పైవాడి నీరు, కిందివాడి ఇల్లు. పొరుగువాడి హక్కు గురించి జుమా ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. పొరుగు అంటే గోడ పక్కనే కాదు, వాగు దిగువన కూడా.

ఇక పనికొచ్చే సంగతులు. ఇల్లు కొనేముందు జాతీయ జాబితా చూడండి, కానీ అందులో లేనంత మాత్రాన కట్ట లేదనుకోవద్దు. ఆరడుగుల లోపువి, నీరు మరీ తక్కువ పట్టేవి అందులోకి రావు. రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ ఆఫీసుకు ఈమెయిల్ పెడితే చివరి తనిఖీ రిపోర్టు అడగొచ్చు. కట్ట మీదే అయితే, అంటే అసోసియేషన్‌దైతే, వార్షిక సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. రిజర్వ్ ఫండ్‌లో కట్ట పేరు మీద డబ్బుందా? ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ ఉందా, అందులో ఫోన్ నంబర్లు పనిచేస్తున్నాయా? తూము గొట్టం దేనితో చేసింది? 60లు, 70లలో చాలాచోట్ల ముడతల ఇనుప గొట్టాలు వేశారు. అవి తుప్పు పట్టి, పక్కన మట్టి లోపలికి జారి, పైన గుంట పడేదాకా ఎవరికీ తెలియదు.

కళ్లతో చూసి కనిపెట్టగలిగినవి కూడా ఉన్నాయి. మన ఊళ్లలో చెరువు కాపు కాసే నీరటిమనిషికి ఇవి చెప్పనక్కర్లేదు. దిగువ వాలులో ఎప్పుడూ తడిగా ఉండే చోటు, అక్కడే ఏపుగా పెరిగే జమ్ము. ఊట నీరు తేటగా ఉన్నంతసేపు కాస్త ఫర్వాలేదు, మట్టిరంగులోకి మారితే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, వెంటనే ఫోన్ చేయాల్సిన సమయం అది. కట్ట మీద పెద్ద చెట్లు అందంగానే ఉంటాయి, కానీ గాలికి ఒరిగితే వేళ్లతో పాటు కట్టను పెకిలిస్తాయి, ఎండితే వేళ్లు కుళ్లి నీటికి దారి ఇస్తాయి. చేపలు పోకుండా అలుగుకు జాలీ బిగించడం మరో సరదా. వానకు కొట్టుకొచ్చే ఆకులు, కొమ్మలు ఆ జాలీకి అడ్డం పడితే నీరు పోయే దారి మూసుకుని కట్ట మీదుగా పొర్లుతుంది. పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ ఊరికి ఎగువన ధనవంతుల ఫిషింగ్ క్లబ్‌వాళ్లు సరిగ్గా ఇదే చేశారు. అడుగున నీరు వదిలే గొట్టాలు అంతకుముందే ఊడదీసి అమ్మేశారు, వీళ్లు మళ్లీ పెట్టలేదు. 1889 మే 31న ఆ కట్ట తెగి 2,209 మంది చనిపోయారు. అది కూడా వినోదం కోసం ఉంచుకున్న ప్రైవేటు సరస్సే.

ఇన్సూరెన్స్ విషయం ఒక్కటి మిగిలింది. మామూలు హోమ్ ఓనర్స్ పాలసీ వరద నష్టం ఇవ్వదు. ఫెడరల్ వరద మ్యాపులో మీ ఇల్లు సేఫ్ జోన్‌లో ఉందని చూసి ఊరుకోవద్దు. ఆ మ్యాపులు వాగు పొంగితే ఎంత నీరొస్తుందో లెక్కిస్తాయి, పైన కట్ట తెగితే ఎంతొస్తుందో సాధారణంగా లెక్కించవు. ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి. అది మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది కాబట్టి, హరికేన్ పేరు టీవీలో కనిపించాక తీసుకుంటే ఆ వానకు పనికిరాదు.